కనబడకపోతే మంచిది

రేణిగుంట లారీ షెడ్డు నుంచి
ఆటోలో వెనక సీటంతా పడుకోబెట్టి తెచ్చింది దొరసానమ్మ.
రాగి అని పేరంట.
తోమకముందు చెంబు రంగు.

"కడుపుతో ఉండాది సామీ.
పొట్ట చూడు ఎట్ట దిగిందో.
పొద్దుకు రెండు బక్కెట్ల నీళ్ళు తాగతాది.
బిడ్డలుంటే దప్పికే గదా?"

ఎదకొచ్చి ఎన్నాళ్ళయింది?
"గంగజాతర చాటింపు నాడు
షెడ్డు చుట్టూ మగకుక్కలే.
ఆ పైన నాకు తెలీదు."

మునిశేఖర్ పొట్ట మీద వెంట్రుకలు గొరిగాడు.
బ్లేడు కింద
ఎన్నడూ ఎండ తగలని తెలుపు.
జెల్ చల్లదనానికి ఉలిక్కిపడి
నా మోచెయ్యి ఒకసారి నాకి
సరేలే అన్నట్టు తల దించింది రాగి.

లైటు ఆర్పాం.

ముందు మూత్రాశయం. ఎప్పుడూ అదే ముందు.
నిండుగా, నల్లగా.
దాన్ని కిటికీ చేసుకుని వెనక్కి చూడాలి.
ఆ కిటికీకీ పెద్దపేగుకీ మధ్య సందులో ఉంటుంది గర్భసంచి.
ఉంటుందని నమ్మాలి.
బాగున్న సంచి తెర మీద కనబడదు.
ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఇదే పాఠం:
వెతికి వెతికి దొరకలేదంటే సంతోషించండి.

ఇవాళ వెతకలేదు.
ప్రోబ్ ఆనించగానే వచ్చింది.
రెండు కొమ్ములూ ఉబ్బి, మెలికపడి,
నీళ్ళు నింపిన సైకిలు ట్యూబు మడతల్లా.
లోపలి నలుపు నలుపుగా లేదు.
బియ్యం కడిగిన నీళ్ళలో తవుడు తిరిగినట్టు
బూడిద నలకలు మెల్లగా తిరుగుతున్నాయి.

దొరసానమ్మ తెర దగ్గరికి జరిగింది.
"కదలతా ఉండాయి సామీ! ఎన్ని?"

మనుషుల స్కానింగు గదుల్లో గోడకు బోర్డుంటుంది,
లోపలున్నది ఆడో మగో చెప్పడం నేరమని.
నా గదిలో బోర్డు లేదు.
అన్నీ చెప్పొచ్చు.
చెప్పాలి కూడా.

గుండె కోసం చూశాను.
ఒక్కటైనా, ఆవగింజంత మిణుకు.
చూడక్కర్లేదు, తెలుసు.
ఎన్ని అని ఆమె అడిగింది గనక చూశాను.

"బిడ్డలు కాదమ్మా. చీము."

ఫ్యాను కిర్రుమంటోంది.
ఆమె తెర మీంచి కళ్ళు తీయలేదు.
"నాది గూడా ఇట్టనే ఉండిందేమో" అంది,
నాతో కాదు.

ముప్పై ఒకటో ఏట తెల్లబట్టని పోతే
పెట్టుకుంటే క్యాన్సరవతాదన్నారంట.
కార్డుంటే చాలన్నారంట.
మూడో రోజుకు తీసేశారు.
"బొమ్మ చూపించలా సామీ నాకు.
కుక్కకు చూపిస్తా ఉండావు."

కొలతలు అయిపోయాయి.
ప్రోబ్ ఎత్తలేకపోయాను.

"దీనికి తీసెయ్యాల్సిందేనా?"
"ఈ రాత్రే. లేకుంటే లోపలే పగులుతుంది."
"నిజంగానా?"

ఆమె చూపుడువేలు పట్టుకుని తెర మీద పెట్టాను.
ఇది గోడ. ఇక్కడ మందం చూడు.
ఇదంతా చీము. ఇది, ఇది, ఇక్కడిదాకా.
గాజు మీద వేలిముద్ర మిగిలింది.
"సరే. చూసినాక సరే."

పదకొండో రోజు కుట్లు విప్పాక
ఇంకోసారి మిషను పెట్టమంది.
దానికి చీటీ లేదు, అవసరమూ లేదు.
పెట్టాను.

మూత్రాశయం.
దాని వెనక, పేగు.
మధ్యలో ఏమీ లేదు.

"బాగుండే కుక్కకు ఎట్లుంటాది?"
"ఇట్లే ఉంటుంది."
"సంచి ఉన్నా ఇంతేనా?"
"ఇంతే."

చాలాసేపు చూసింది ఆ ఖాళీని.
తర్వాత కొంగుతో తెర తుడిచింది,
వేలిముద్ర ఇంకా ఉంది మరి.

రాగి బల్ల దిగింది.
మూల బక్కెట్టు దగ్గరికి పోయి
రెండు గుక్కలు తాగింది.
చాలనుకుంది.